పెరటి మన్నులో పరిశోధన: హైస్కూలు పిల్లలు పట్టిన ఫేజ్‌ల కథ

2006లో ‘ప్లాస్ జెనెటిక్స్’ అనే పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. 30 వైరస్‌ల జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి పోల్చిన వ్యాసం అది. ఇవి మనుషులకు జబ్బు తెచ్చే వైరస్‌లు కావు, బాక్టీరియాల మీద పడి బతికేవి. వాటి పేర్లు వింటే శాస్త్రపత్రం చదువుతున్నట్టే ఉండదు. ఒకదాని పేరు బార్న్‌యార్డ్, అంటే పశువుల దొడ్డి. మరొకటి రోజ్‌బుష్, గులాబీ పొద. ఇంకొకటి కార్న్‌డాగ్. అమెరికాలో సంతల్లో పుల్లకు గుచ్చి అమ్మే పొడుగాటి చిరుతిండి పేరది. ఆ వైరస్ తల కూడా అలాగే పొడుగ్గా ఉంటుంది. ప్రొఫెసర్లు ఇలాంటి పేర్లు పెట్టడం అరుదు. ఈ వైరస్‌లలో చాలావాటిని వెతికి పట్టింది హైస్కూలు, డిగ్రీ విద్యార్థులు. రచయితల జాబితాలోనూ విద్యార్థులున్నారు.

పేర్ల కన్నా అందులోని అంకెలు ఎక్కువ ఆశ్చర్యపరుస్తాయి. ఆ 30 వైరస్‌లలో కలిపి 3,357 ప్రొటీన్లకు జన్యువులు కనిపించాయి. పోలికలను బట్టి వాటిని 1,536 కుటుంబాలుగా విడదీశారు. అంతకుముందు తెలిసిన ప్రొటీన్లతో పోలిక ఉన్న కుటుంబాలు 230 మాత్రమే, అంటే 15 శాతం. మిగతావన్నీ శాస్త్రానికి కొత్తముఖాలే. పశువుల దొడ్డిలోంచి చెంచాడు మన్ను తెచ్చిన బడిపిల్ల చేతిలో, అప్పటిదాకా ఎవరూ చూడని జన్యువులు ఉన్నాయన్నమాట.

బడిపిల్లల పరిశోధన గురించి మాట్లాడేటప్పుడు ‘పిల్లలు కూడా చేయగలరు’ అంటూ మెచ్చుకుని ఊరుకోవడం మనకు అలవాటు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ పని వల్ల శాస్త్రానికి ఏమైనా ఒరిగిందా? ఒరిగిందని చెప్పడానికి ఈ కథలో చెన్నై నుంచి లండన్ ఆసుపత్రి దాకా ఆధారాలున్నాయి.

వేట ఎలా సాగుతుంది?

బాక్టీరియాలను తినే వైరస్‌లను బాక్టీరియోఫేజ్‌లు అంటారు, పొట్టిగా ఫేజ్‌లు. 1896లోనే ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్, గంగా యమునల నీటిలో కలరా బాక్టీరియాను చంపే గుణమేదో ఉందనీ, నీటిని మరిగిస్తే ఆ గుణం పోతుందనీ రాశాడు. ఆయన చూసింది ఫేజ్‌ల ప్రభావమేనని తర్వాత చాలామంది భావించారు. 1915లో ఫ్రెడరిక్ ట్వోర్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ వీటిని విడివిడిగా గుర్తించారు. భూమి మీద ఉన్న ఫేజ్‌లను లెక్కేస్తే 1 పక్కన 31 సున్నాలు పెట్టాల్సి వస్తుందని అంచనా. ఇన్ని ఉన్నా మనం దగ్గరగా చూసినవి పిడికెడు. బడిపిల్లలకు చోటు దొరికింది ఈ ఖాళీలోనే.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గ్రాహం హాట్‌ఫుల్ అనే శాస్త్రవేత్త 2002లో హైస్కూలు, డిగ్రీ విద్యార్థుల కోసం ఫేజ్ వేట కార్యక్రమం ప్రారంభించారు. మారిసా పెడుల్లా అనే పరిశోధకురాలు, డెబొరా జాకబ్స్-సెరా అనే హైస్కూలు సైన్సు టీచరు అందులో ముఖ్యులు. ఎరగా ఎంచుకున్న బాక్టీరియా మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్. క్షయ బాక్టీరియాకు ఇది దాయాది. కానీ మట్టిలో బతుకుతుంది, ఆరోగ్యవంతులకు మామూలుగా హాని చేయదు. క్షయ బాక్టీరియా ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడితే దీనికి మూడు గంటలు చాలు. క్షయ బాక్టీరియా కాలనీ కంటికి కనిపించాలంటే వారాల తరబడి కూర్చోవాలి. బడి టైంటేబుల్‌లో ఇమిడేది స్మెగ్మాటిస్ ఒక్కటే.

పని ఇలా సాగుతుంది. చెంచాడు మట్టిని గొట్టంలో వేసి, ఉప్పులు కలిపిన ద్రావణం పోసి బాగా కుదుపుతారు. మట్టి అడుగుకు దిగాక పైతేటను 0.22 మైక్రాన్ల రంధ్రాలున్న వడపోత గుండా పంపుతారు. బాక్టీరియాలు వడపోతలో చిక్కుకుంటాయి, వాటికన్నా ఎంతో చిన్నవైన ఫేజ్‌లు జారిపోతాయి. ఆ వడకట్టిన నీటిని స్మెగ్మాటిస్‌తో కలిపి, గోరువెచ్చటి పలచని అగార్‌లో వేసి, పెట్రి పళ్లెంలో పోసి సర్దుతారు. పళ్లేన్ని 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచితే బాక్టీరియా పాలమీగడలా పళ్లెమంతా పరుచుకుంటుంది. ఫేజ్ ఉన్నచోట మాత్రం మీగడకు చిల్లు పడినట్టు తేటగా ఒక చుక్క కనిపిస్తుంది. దాన్ని ప్లాక్ అంటారు. ఒక్కో చుక్కా ఒక్క ఫేజ్‌తో మొదలైనదే. అది ఒక బాక్టీరియాలో దూరి, పిల్లల్ని పెట్టి, దాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చి పక్కవాటి మీద పడితే ఏర్పడిన చుక్క.

ఈ చుక్కలతో లెక్క కూడా చేయవచ్చు. ద్రావణాన్ని పదో వంతుకు పలచన చేస్తూ ఆరుసార్లు పోయారనుకుందాం. చివరి గొట్టంలోంచి 0.1 మిల్లీలీటరు తీసి పళ్లెంలో వేస్తే 42 చుక్కలు వచ్చాయి. అంటే మొదటి గొట్టంలో మిల్లీలీటరుకు 42 కోట్ల ఫేజ్‌లు. ఎమ్మెస్సీలో గైగర్ కౌంటర్ ముందు కూర్చుని టిక్కులు లెక్కపెట్టిన నాలాంటివాళ్లకు ఈ లెక్క పరాయిదనిపించదు. రెండింటి వెనకా ఉన్నది పాయిజాన్ గణితమే. మాక్స్ డెల్‌బ్రూక్ అనే సిద్ధాంత భౌతికశాస్త్రవేత్త జీవశాస్త్రంలోకి వచ్చి ఫేజ్‌లనే పట్టుకున్నాడు. 1969లో ఆయనకు లూరియా, హెర్షీలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. పెద్ద పరికరాలు అక్కర్లేకుండా, చుక్కలు లెక్కపెట్టి వారసత్వ రహస్యాలు రాబట్టవచ్చన్నది ఆయన్ను ఆకర్షించిన విషయాల్లో ఒకటి. హైస్కూలుకు ఫేజ్ నప్పడానికీ అదే కారణం.

చాలా మట్టి నమూనాల్లో మొదటిసారి ఏ చుక్కా కనిపించదు. అప్పుడు ఆ మట్టిని బాక్టీరియాతో పాటు పోషకద్రవంలో పెంచి, ఏమైనా ఉంటే వాటి సంఖ్య పెరిగేలా చేసి మళ్లీ చూడాలి. చుక్క కనిపించాక కూడా దాన్ని పుల్లతో తాకి కొత్త పళ్లెంలో పెంచి, అందులోంచి ఒక చుక్కను మళ్లీ తీసి ఇంకో పళ్లెంలో వేసి, ఒకే రకం ఫేజ్ మిగిలేదాకా మూడు నాలుగు సార్లు అదే పని చేయాలి. ఆ తర్వాతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద తలా తోకా చూడటం, డీఎన్‌ఏ తీయడం, జన్యుక్రమం చదివించడం. కొత్త ఫేజ్‌కు పేరు పెట్టే హక్కు పట్టినవాళ్లదే. పశువుల దొడ్డికి పరిశోధన పత్రంలో చోటు దొరికింది అందుకే.

జన్యుక్రమం చేతికొచ్చాక పని కంప్యూటరు ముందుకు మారుతుంది. ఆ 30 ఫేజ్‌లలో అతి చిన్నదాని జన్యుక్రమంలో సుమారు 42 వేల అక్షరాలు, అతి పెద్దదానిలో సుమారు 1,56,000. ఆ అక్షరాల వరసలో ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించాలి. సాఫ్ట్‌వేర్ ఒక అంచనా ఇస్తుంది. అది సరైనదో కాదో మనిషి తేల్చాలి. ‘ఈ జన్యువు ఇక్కడ కాదు, ముప్పై అక్షరాలు ముందే మొదలవుతుంది’ అని ఒక విద్యార్థి వాదిస్తే, తప్పో ఒప్పో చెప్పడానికి టీచరు దగ్గర కూడా జవాబుల పుస్తకం ఉండదు. ఇద్దరూ ఆధారాలు చూసి తేల్చుకోవలసిందే.

బొంతలాంటి జన్యుక్రమాలు

2006 వ్యాసానికి మూడేళ్ల ముందే, 2003లో, ఈ బృందం ‘సెల్’ పత్రికలో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. మైకోబాక్టీరియా ఫేజ్‌ల జన్యుక్రమాలు ఒక తల్లి నుంచి సూటిగా దిగివచ్చినవి కావు. పాత చీరల ముక్కలు కలిపి కుట్టిన బొంతల్లాంటివి. రెండు ఫేజ్‌లలో ఒక జన్యువు అచ్చం ఒకేలా ఉంటుంది, దాని పక్కన ఉన్నవాటికి మాత్రం ఏ పోలికా ఉండదు. ఒక్కో ముక్కదీ ఒక్కో వంశచరిత్ర. రెండు మూడు బొంతలు చూసి ఈ సంగతి చెప్పలేం. పక్కపక్కన పరచడానికి చాలా కావాలి. చాలా కావాలంటే రకరకాల చోట్ల మట్టి తవ్వే చాలా చేతులు కావాలి. విద్యార్థుల్ని చేర్చుకోవడం ఇక్కడ దయాదాక్షిణ్యం కాదు, ఆ ప్రశ్న అడిగిన పరిశోధనకు అవసరం.

ఆ 2003 వ్యాసంలోని ఫేజ్‌లు అన్నీ అమెరికావి కావు. న్యూయార్క్ బ్రాంక్స్ జూ పేరు మీద బీఎక్స్‌జెడ్1, బీఎక్స్‌జెడ్2 ఉంటే, చె8, చె9సీ, చె9డీ అనే మూడు చెన్నై పేరు మోస్తున్నాయి. చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రంలో వేరు చేసిన ఫేజ్‌లు ఇవి. నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ ఆ కేంద్రమే. అక్కడి శాస్త్రవేత్తలూ ఆ వ్యాసానికి సహ రచయితలు. వీటిలో చె9సీని గుర్తు పెట్టుకోండి, లండన్ కథలో మళ్లీ వస్తుంది.

మన బళ్లలో

మన ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరు కొనను నలిపి, రంగు వేసి, కణవిభజన దశలు చూసి రికార్డులో బొమ్మ గీస్తాం. బొమ్మ ఎలా రావాలో ముందే తెలుసు. స్లైడులో ఏమీ కనపడకపోయినా రికార్డులో బొమ్మ వస్తుంది! నైపుణ్యం నేర్పడానికి ఆ ప్రయోగం అవసరమే, దాన్ని తీసిపారేయను. కానీ జవాబు ముందే తెలిసిన ప్రయోగం వల్ల ఒక నష్టం ఉంది. కంటికి కనిపించిన దానికన్నా పుస్తకంలో ఉన్నదాన్నే నమ్మడం అలవాటవుతుంది.

ఇంకో చివర మరో జబ్బుంది. కాలేజీ సీటు దరఖాస్తుకు పనికొస్తుందని, ఫీజు కట్టించుకుని హైస్కూలు పిల్లల పేరు మీద ‘పరిశోధన పత్రం’ తెప్పించే వ్యాపారం అమెరికాలో పెరిగింది. అక్కడి మన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. అలాంటి పత్రాన్ని నిజమైన పరిశోధన నుంచి వేరు చేయడానికి నేను వాడే కొలత ఒకటే: ఆ పని ఆ పిల్ల చేయకపోతే శాస్త్రంలో ఏమైనా తక్కువయ్యేదా? బార్న్‌యార్డ్ విషయంలో తక్కువయ్యేది. ఆ దొడ్డి మట్టిని ఇంకెవరూ తవ్వి ఉండేవాళ్లు కారు.

మన దేశంలో ఈ కొలతకు నిలిచేవి లేకపోలేదు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్య మీదే పనిచేయాలి. బాగా చేసిన చోట అవి నిజమైన సర్వేలు. అటల్ టింకరింగ్ ల్యాబులు పదివేల బళ్లకు చేరాయి గానీ, వాటి పెట్టెల్లో ఉండేది ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, రోబోలు, త్రీడీ ప్రింటర్లు. జీవశాస్త్రానికి అక్కడ చోటు తక్కువ. భౌతికశాస్త్రం చదివినవాడిగా నాకు అందులో గర్వపడటానికేమీ కనిపించదు. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం నడిపే ‘క్యూబ్’ కార్యక్రమంలో విద్యార్థులు అరటిపండు ముక్కలతో పండు ఈగల్ని పట్టి, సీసాల్లో వానపాముల్నీ నీటి ఈగల్నీ పెంచి, వాటి మీద తమ ప్రశ్నలు తామే అడుగుతారు. ఖర్చు దాదాపు ఉండదు.

అన్నిటికన్నా హైస్కూలుకు నప్పేది సీజన్‌వాచ్ అనుకుంటాను. ఈ కార్యక్రమంలో విద్యార్థి ఒక చెట్టును ఎంచుకుని, ప్రతి వారం దాని చిగుళ్లు, పూలు, కాయలు చూసి నమోదు చేయాలి. కేరళ బళ్లు ఇందులో ముందున్నాయి. అక్కడివాళ్లు కొన్న అనే చెట్టు మన రేల. ఏప్రిల్ మధ్యలో వచ్చే విషు పండుగకు దాని పసుపు పూలు ఉండాల్సిందే. ఆ చెట్టు పండుగ దాకా ఆగుతోందా, ముందే పూస్తోందా అన్న ప్రశ్నకు ఒక శాస్త్రవేత్త ఒక చెట్టు దగ్గర కూర్చుని జవాబు చెప్పలేడు. వందల ఊళ్లలో, ఏళ్ల తరబడి, వారం తప్పకుండా చూసే కళ్లు కావాలి. ఫేజ్ వేటకూ దీనికీ పోలిక ఇదే. పని తేలిక, ఓపిక ఎక్కువ కావాలి, ఒక్కొక్కరు తెచ్చిన ముక్క ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఫేజ్ వేటను మన బళ్లకు తేవాలంటే మాత్రం జాగ్రత్తలు కావాలి. స్మెగ్మాటిస్ మంచిదే గానీ, పళ్లెంలో పెరిగేది అదొక్కటే అన్న హామీ లేదు. వాడిన ప్రతి పళ్లేన్నీ ఆవిరి ఒత్తిడిలో ఉడికించాకే పారేయాలి. అది తెలిసిన మనిషి పక్కన ఉండాలి. దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీనో, విశ్వవిద్యాలయాన్నో బడికి జోడించకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. అమెరికాలోనూ అలాగే నడిచింది. పెడుల్లా తర్వాత మొంటానా టెక్‌కు వెళ్లి, అక్కడినుంచే బడిపిల్లల చేత ఫేజ్ వేట కొనసాగించారు.

లండన్ నుంచి ఒక అభ్యర్థన

2008లో ఈ నమూనానే డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం హవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ దేశవ్యాప్తం చేసింది. పేరు సీ-ఫేజెస్. సేకరణ వందల నుంచి వేలకు పెరిగి పదివేలు దాటింది. అప్పటిదాకా ఎవరి దృష్టీ వైద్యం మీద లేదు. వాళ్ల ప్రశ్న పరిణామం గురించే.

2017 చివర్లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి కేసు ఒకటి హాట్‌ఫుల్ దగ్గరికి వచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బుతో ఉన్న 15 ఏళ్ల అమ్మాయికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. తర్వాత మైకోబాక్టీరియం అబ్సెసస్ అనే బాక్టీరియా ఒళ్లంతా పాకింది. ఆపరేషను గాయం మానలేదు, చర్మం మీద గడ్డలు లేచాయి, మందులేవీ పనిచేయలేదు. రోగి వయసు, ఫేజ్‌లు వెతికే పిల్లల వయసు ఒకటే.

ఆమె శరీరంలోని బాక్టీరియాను చంపే ఫేజ్‌ల కోసం సేకరణను గాలిస్తే పనికొచ్చేవి మూడే తేలాయి. మడ్డీ, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కుళ్లిన వంకాయ అడుగు నుంచి దొరికింది. రెండోది జోయీజే, మూడోది బీపీఎస్. ఈ మూడూ విద్యార్థులు తెచ్చినవే. మడ్డీ నేరుగా చంపుతుంది. మిగతా రెండింటికీ ఒక గుణం ఉంది, బాక్టీరియాలో దూరి చంపకుండా నిద్రపోగలవు. వాటిని నిద్రపుచ్చే జన్యువును తీసేయాల్సి వచ్చింది. ఫేజ్ జన్యుక్రమంలో కోరినచోట కోత పెట్టడానికి ఈ ప్రయోగశాల 2008లో తయారు చేసుకున్న పద్ధతిలో, డీఎన్‌ఏ ముక్కల్ని అతికే పనిముట్లుగా వాడేది రెండు ప్రొటీన్లను. ఆ రెండు ప్రొటీన్ల జన్యువులూ చె9సీవి. చెన్నైలో వేరు చేసిన ఫేజ్ జన్యువులు పిట్స్‌బర్గ్‌లో కత్తీ సూదీ అయ్యాయి.

2018 జూన్‌లో మూడు ఫేజ్‌ల మిశ్రమాన్ని రోజుకు రెండుసార్లు, మోతాదుకు వంద కోట్ల చొప్పున రక్తనాళంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఛాతీ గాయం మూసుకుంది, కాలేయం పనితీరు మెరుగుపడింది, చర్మపు గడ్డలు చాలావరకు తగ్గాయి. 2019లో ‘నేచర్ మెడిసిన్’లో ఈ ఫలితాలు వచ్చాయి. బాక్టీరియా పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిందని అందులో రాయలేదు. అదే సమయంలో సాయం కోరిన మరో రోగి మాత్రం చికిత్స అందకముందే చనిపోయారు.

ఆ తర్వాత ఇలా చికిత్స పొందిన 20 మంది రోగుల వివరాలు 2022లో వెలువడ్డాయి. 11 మందికి మేలు కనిపించింది. ఫేజ్‌ల వల్ల హాని ఎవరిలోనూ తేలలేదు. ఎనిమిది మందిలో ఫేజ్‌లను అడ్డుకునే ప్రతిరక్షకాలు రక్తంలో పుట్టాయి. చాలామందికి సరిపడే ఫేజ్ ఒక్కటే దొరికింది, మిశ్రమం చేసే వీలే లేకపోయింది. క్షయ విషయానికొస్తే, ఈ సేకరణలోని కొన్ని ఫేజ్‌లు క్షయ బాక్టీరియాను ప్రయోగశాలలో చంపుతాయని 2021లో చూపారు. ఒంట్లో క్షయ బాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి గొట్టంలో గెలిచింది మనిషిలో గెలుస్తుందని ఇప్పుడే అనుకోలేం.

అబ్సెసస్‌లో రెండు రూపాలున్నాయి. పళ్లెంలో కొన్నిటి కాలనీలు గరుకుగా, కొన్నిటివి నున్నగా పెరుగుతాయి. పరీక్షించిన గరుకు రకాల్లో దాదాపు 80 శాతానికి ఏదో ఒక ఫేజ్ దొరికింది. నున్నని రకాన్ని సమర్థంగా చంపేది మాత్రం ఆ పరీక్షల్లో ఒక్కటీ తేలలేదు. ఆ రకం సోకిన రోగులకు ఫ్రీజర్లోని వేల సీసాలు అక్కరకు రాలేదు. అలాంటి ఫేజ్ ఉంటే, ఇంకా ఎవరూ తవ్వని మట్టిలో ఉండాలి.